డిగ్రీ కాలేజీలో ఐటీ ప్రణాళిక: కొటేషన్ల కంటే ముందు టైమ్‌టేబుల్ తీయండి

కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ బృందం వస్తుందని తెలిసిన ఏడాదే చాలా కాలేజీల్లో ప్రొజెక్టర్లు, డిజిటల్ బోర్డులు దిగుతాయి. బృందం వెళ్లాక వాటిమీద దుమ్ము చేరుతుంది. ఏ పాఠానికి కావాలో తేల్చకుండా కొనడమే దీనికి కారణం. సుమారు 800 మంది విద్యార్థులున్న డిగ్రీ కాలేజీని దృష్టిలో పెట్టుకుని లెక్క వేద్దాం.

ముందు ప్రతి డిపార్ట్‌మెంట్ నుంచి ఒక్క పేజీ రాయించండి. పిల్లలు ఎక్కువగా తప్పుతున్న యూనిట్ ఏది? పరికరాలు చాలక ఏ ప్రాక్టికల్ ఆగుతోంది? లెక్చరర్ల సాయంత్రాలను ఏ పని తినేస్తోంది? జవాబులు చూస్తే కొనాల్సినవి సగానికి తగ్గుతాయి. ఫిజిక్స్ వాళ్లకు ప్రయోగాలను కంప్యూటర్ తెర మీదే చేయించే వర్చువల్ ల్యాబ్స్ సైట్‌లో ఉచితంగా దొరికేవే సరిపోవచ్చు, కామర్స్ వాళ్లకు లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ ఉన్న ల్యాబ్ తప్పదు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లోని కోర్సుల క్రెడిట్లు కలుపుకోవాలంటే యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు వీలుంది. ఏవి తీసుకోవచ్చో సెమిస్టర్ మొదలవక ముందే తేల్చాలి.

తరవాత పిల్లల ఫోన్ల సంగతి. 720పీ వీడియో గంట చూస్తే సుమారు 1.1 జీబీ ఖర్చవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాడికి ఒక్క పాఠంతోనే దాదాపు అయిపోయినట్టే. అదే పాఠాన్ని 32 కేబీపీఎస్ మోనో ఆడియోగా పెడితే గంటకు 15 ఎంబీ దాటదు. ఆడియో, నోట్స్ పీడీఎఫ్ కలిపి పెట్టి, బొమ్మ గీసి చూపాల్సిన చోట మాత్రం పది నిమిషాల వీడియో ఇవ్వండి. ఊళ్ల నుంచి వచ్చే పిల్లలున్న కాలేజీకి ఇంతకంటే మంచి దారి లేదు.

వైఫై దగ్గరే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. వైఫై సిగ్నల్ ఇచ్చే ఒక్కో యాక్సెస్ పాయింట్‌కు ఒకేసారి 30 మందికి మించి లెక్క వేయకండి, పెట్టె మీద ఎంత రాసి ఉన్నా సరే. క్యాట్-6 కేబుల్ 100 మీటర్లు దాటకూడదు, దూరపు బ్లాకుకు ఫైబర్ లాగించండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో పక్కపక్క గదులకు 1, 6, 11 చానెళ్లే మార్చి మార్చి ఇవ్వాలి, లేకపోతే ఒకదాన్నొకటి చెడగొడతాయి. ‘వైఫై కలుస్తోంది గానీ నెట్ రావట్లేదు’ అన్న ఫిర్యాదు పదకొండు గంటలకే మొదలైతే ముందు ఫోన్లకు నెట్‌వర్క్ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సెట్టింగు చూడండి. మామూలు సెట్టింగులో 254 అడ్రసులే ఉంటాయి. ఒకసారి ఇచ్చిన అడ్రసు 24 గంటలు అలాగే పట్టి ఉంచితే, పొద్దున గేటు దాటిన ఫోన్లతోనే అవి అయిపోతాయి. గడువు గంటకు తగ్గించండి, లేదా నెట్‌వర్క్ పరిధి పెంచండి. కనెక్షన్ స్పీడు పెంచినా ఈ జబ్బు తగ్గదు.

పాఠాలు పెట్టడానికి, అసైన్‌మెంట్లు తీసుకోవడానికి మూడిల్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. లైసెన్సు ఖర్చుండదు. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న సర్వర్‌తో మొదలుపెట్టవచ్చు. స్థలం లెక్క ఇలా: 800 మంది, 5 సబ్జెక్టులు, ఒక్కోదానికి 2 అసైన్‌మెంట్లు, ఫైలుకు 5 ఎంబీ. సెమిస్టర్‌కు 40 జీబీ. ‘ఫైలు ఎక్కడం లేదు’ అని పిల్లలంటే తప్పు వాళ్లది కాదు. మూడిల్‌ను నడిపే పీహెచ్‌పీ మొదట అనుమతించేది 2 ఎంబీ, ఫోన్‌లో తీసిన ఒక్క పేజీ ఫొటోనే అంతకు మించిపోతుంది. అప్‌లోడ్ పరిమితిని 10 ఎంబీకి, ఒక్కసారికి పంపే మొత్తం డేటాకుండే పోస్ట్ పరిమితిని అంతకంటే కాస్త ఎక్కువకు పెంచండి. ఆ తరవాత సైట్, కోర్సు, అసైన్‌మెంట్ స్థాయుల్లో కూడా మార్చాలి, ఒక్కచోట మరిచినా పాత పరిమితే నడుస్తుంది. క్విజ్ అయితే అందరికీ పది గంటలకే తెరవకండి. సెక్షన్ల వారీగా అరగంట తేడా ఇస్తే సర్వర్ తట్టుకుంటుంది.

బ్యాకప్‌లో డేటాబేస్, పిల్లలు ఎక్కించిన ఫైళ్లుండే మూడిల్‌డేటా ఫోల్డర్ రెండూ ఒకే రోజువి ఉండాలి. ఆ ఫోల్డర్‌లో ఫైళ్లకు అసలు పేర్లుండవు. డేటాబేస్ పోతే ఏది ఎవరి జవాబుపత్రమో తేలదు. సెమిస్టర్‌కు ఒకసారి వేరే కంప్యూటర్‌లో తిరిగి తెరిచి చూడండి.

తెలుగు నోట్స్ ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో ఉంటే మూడిల్‌లో అర్థంకాని గుర్తులుగా కనబడతాయి. ముందే ఏ ఫోన్‌లోనైనా కనబడే యూనికోడ్‌కు మార్చి, ఒత్తులు సరిచూసుకోవాలి. ఆ పని ఎవరిదో, ఎన్ని గంటలు పడుతుందో ప్రణాళికలోనే రాయండి.

ల్యాబ్ కరెంటు: కంప్యూటర్, మానిటర్ కలిపి 150 వాట్లు అనుకుంటే 40కి 6,000 వాట్లు. పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉన్న 10 కేవీఏ యూపీఎస్ 8,000 వాట్లు (10,000 × 0.8) మోస్తుంది. లేజర్ ప్రింటర్ దానికి తగిలించకండి. న్యూట్రల్, ఎర్త్ మధ్య 3 ఓల్టుల కంటే ఎక్కువ కనిపిస్తే మెషీన్లు పెట్టకముందే ఎర్తింగ్ బాగుచేయించాలి. బ్యాటరీలు మూడు నాలుగేళ్లకు మార్చాల్సి వస్తుంది, ఆ డబ్బు ఏటా కొంత పక్కన పెట్టండి.

ఇక మనుషులు. లెక్చరర్లకు ఒక్కరోజు వర్క్‌షాపు పెట్టి వదిలేస్తే వారానికే మరిచిపోతారు. డిపార్ట్‌మెంట్‌కు ఒకరిని ఎంచి, వారానికి రెండు పీరియడ్లు టైమ్‌టేబుల్‌లోనే తగ్గించి, మిగతావాళ్లకు సాయం చేసే బాధ్యత ఇవ్వండి. పీరియడ్లు తగ్గించకుండా ‘అదనపు బాధ్యత’ అంటే ఎవరూ చేయరు. సర్వర్, రూటర్, డొమైన్ పాస్‌వర్డులు సీల్ చేసిన కవరులో ప్రిన్సిపాల్ బీరువాలో ఉండాలి. డొమైన్‌ను ఎవరి సొంత ఈమెయిల్ మీదా కాకుండా కాలేజీ ఈమెయిల్ మీదే నమోదు చేయించాలి. ఐటీ చూసే లెక్చరర్‌కు బదిలీ వస్తే, రిలీవింగ్ ఆర్డర్ మీద సంతకానికి ముందే కొత్త మనిషి ఆ పాస్‌వర్డులతో ఒకసారి లోపలికి వెళ్లి చూడాలి.