కిట్‌లో వచ్చిన గేర్‌బాక్స్‌ని ఒకసారి విప్పి చూడండి

డాలస్ దగ్గర మా పిల్లల రోబోటిక్స్ టీమ్‌కి నేను మెంటార్‌ని. ఏటా జనవరిలో హైస్కూలు పిల్లల ఫస్ట్ (FIRST) రోబోటిక్స్ పోటీ సీజన్ మొదలై, రోబో భాగాల కిట్ పెట్టె తెరిచి గేర్‌బాక్స్ బయటికి తీయగానే పిల్లల్లో ఎవరో ఒకరు అంటారు: "ఇది కిట్‌లో వచ్చిందే కదా ఆంటీ, మంచిది కొనుక్కుందాం." ఊరికే వచ్చిందంటే అంత చులకన! నేను వాదించను. ఆండీమార్క్ అనే కంపెనీ చేసిన ఆ గేర్‌బాక్స్, పేరు టఫ్‌బాక్స్ మినీ, ఒకటి, మార్కర్ ఒకటి వాళ్ల చేతిలో పెడతాను.

రోబోకి బిగించి ఉంటే ముందు బ్యాటరీ తీసేయండి. గేర్‌బాక్స్‌ని బల్ల మీద పెట్టి, పై ప్లేటు మరలు విప్పండి. మరలన్నీ ఒక గిన్నెలో వేసుకోండి, ఒక్కటి పోయినా ఆ రోజు పని ఆగిపోతుంది. చేతులకు గ్రీజు అంటుతుంది, పాత గుడ్డ దగ్గర ఉంచుకోండి.

ఇప్పుడు పళ్లు లెక్కపెట్టండి. మొదలుపెట్టిన పన్ను మీద మార్కర్‌తో చుక్క పెట్టకపోతే తప్పకుండా లెక్క తప్పుతుంది. మా దగ్గరున్నది 10.71 రేషియోది, అంటే బయటికి వచ్చే షాఫ్టు ఒక చుట్టు తిరగాలంటే మోటారు 10.71 చుట్లు తిరగాలి. మోటారు మీది చిన్న గేరుకి 14, అది తిప్పే పెద్దదానికి 50. రెండో జతలో 16, 48.

ఇక్కడ ఆగి కూడండి. 14, 50 కలిస్తే 64. 16, 48 కలిపినా 64! పళ్ల సైజు ఒకటే అయినప్పుడు, రెండు షాఫ్టుల మధ్య దూరాన్ని నిర్ణయించేది ఈ మొత్తమే. అంటే రెండో జత తీసి 14, 50 పెడితే రేషియో 12.75 అవుతుంది, 19, 45 పెడితే 8.45 అవుతుంది. ప్లేటులో ఒక్క రంధ్రం కూడా మార్చక్కర్లేదు, మోటారు మీది గేరుని ముట్టుకోనక్కర్లేదు. దీనికి బిగించే సిమ్ (CIM) మోటారు లోడు లేకుండా నిమిషానికి 5330 చుట్లు తిరుగుతుంది. 6 అంగుళాల చక్రంతో లెక్క వేస్తే 12.75, 10.71, 8.45 రేషియోలకి వరుసగా సెకనుకి సుమారు 3.3, 4, 5 మీటర్ల వేగం వస్తుంది. నేల మీద బరువుతో ఇంతకంటే తగ్గుతుంది. వేగం తగ్గితే నెట్టే బలం పెరుగుతుంది, కాబట్టి నెట్టుడు ఎక్కువుండే ఆటా, పరుగు ఎక్కువుండే ఆటా అన్నది చూసుకుని టీమ్ ఎంచుకోవచ్చు. ఇంత స్వేచ్ఛని ఒకే పెట్టెలో ఇమిడ్చిన డిజైనర్‌ మీద నాకు ఎంతో గౌరవం.

చివరగా నాకు బాగా ఇష్టమైన పని. గేర్‌బాక్స్‌కి రెండు మోటార్లుంటే ఒకటి తీసేయండి, తిప్పడం తేలికవుతుంది. మిగిలిన మోటారు గేరు మీద, బయటికి వచ్చే షాఫ్టు మీద ఒక్కో చుక్క పెట్టి, షాఫ్టుని నిటారుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. ఒక చుట్టుకి మోటారు చుక్క పదిన్నర దాటి ఎక్కడో ఆగుతుంది. రెండో చుట్టుకీ కలవదు. సరిగ్గా ఏడో చుట్టుకి, మోటారు 75 చుట్లు పూర్తి చేశాక, రెండు చుక్కలూ మొదటి చోటికే వస్తాయి. పోయినేడు ఒక తొమ్మిదో క్లాసు అమ్మాయి గట్టిగా లెక్కపెడుతూ "డెబ్బై ఐదు!" అని అరిస్తే, పక్క బల్ల వాళ్లు కూడా పని ఆపేసి వచ్చారు.

మళ్లీ బిగించే ముందు పళ్లకి పలచగా గ్రీజు రాయండి. మరలన్నీ ఒకేసారి బిగించకుండా, ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగిస్తూ మధ్యమధ్యలో షాఫ్టు తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే ఆ మరని వదులు చేయండి.