తిరుపతి–చిత్తూరు సిప్ ట్రంక్: కాల్ ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా

తిరుపతిలో హెడ్డాఫీసు, చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. రెండు చోట్లా వేర్వేరు పీబీఎక్స్‌లు (ఆఫీసు ఫోన్లను నడిపే ఎక్స్ఛేంజీలు), మధ్యలో ఇంటర్నెట్ మీద ఒక సిప్ ట్రంక్ (వాటి మధ్య కాల్స్ మోసే లింకు). తిరుపతి ఎక్స్‌టెన్షన్లు 2తోనూ, చిత్తూరువి 3తోనూ మొదలవుతాయనుకుందాం. 301కి కొడితే కాల్ పోదు. పోయినా మాట వినపడదు. వినపడినా అర నిమిషానికి కట్టవుతుంది. ఈ మూడింటికీ కారణాలు వేరు. సెట్టింగ్స్ తెరిచి ఒక్కో టిక్కు తీసి, పెట్టి చూస్తూ పోతే సాయంత్రానికి ఏం మార్చారో మీకే గుర్తుండదు. ముందు పాడైన కాల్ ఒక్కదాని ప్యాకెట్లను రెండు చివర్లా ఒకేసారి పట్టండి (క్యాప్చర్ చేయండి).

ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే పీబీఎక్స్ అయితే సిప్ మెసేజ్‌లను చూపే ఎస్‌ఎన్‌గ్రెప్ టూల్ చాలు. ఏ మెసేజ్ ఎటునుంచి ఎటు వెళ్ళిందో బాణాలతో చూపిస్తుంది. లేదంటే టీసీపీడంప్‌తో పట్టి వైర్‌షార్క్‌లో చూడండి. రెండు పీబీఎక్స్‌ల గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్ ద్వారా టైమ్ సరిచేసే పద్ధతి) కలిసి ఉండాలి, లేకపోతే ఏది ముందో ఏది వెనకో తేలదు. తిరుపతిలో బయల్దేరిన ఇన్వైట్ (కాల్ మొదలుపెట్టే మెసేజ్) చిత్తూరు క్యాప్చర్‌లో కనపడకపోతే పీబీఎక్స్ జోలికి పోవద్దు, లోపం మధ్య దారిలో ఉంది.

దారి అంటే ముఖ్యంగా రౌటరే. యూడీపీ 5060 పోర్టు పీబీఎక్స్‌కు ఫార్వర్డ్ అయిందా, అవతలి ఐపీకి మాత్రమే తెరిచారా చూడండి. ప్రపంచమంతటికీ తెరిస్తే రాత్రికి రాత్రే పాస్‌వర్డ్ వేటగాళ్ళు దిగుతారు. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ (సిప్ మెసేజ్‌లలోని చిరునామాలను మార్చే సెట్టింగ్) ఉంటే రెండు చోట్లా ఆఫ్ చేయండి. సాయం చేయడానికని పెట్టినదే గానీ, అది చిరునామాలను సగం సగం మార్చి పెట్టే చిక్కే ఎక్కువ.

తర్వాత రౌటర్ వాన్ (ఇంటర్నెట్ వైపు) పేజీలో ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు ప్రొవైడర్ న్యాట్ వెనక ఉన్నారు, అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతున్నారు. అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా దండగే. స్టాటిక్ (మారని) ఐపీ అడగండి, లేదా ఆ వైపు నుంచి స్టాటిక్ ఐపీ ఉన్న వైపుకు వైర్‌గార్డ్ టన్నెల్ (రెండు నెట్‌వర్క్‌లను కలిపే వీపీఎన్) వేసి, కీప్‌అలైవ్ 25 సెకన్లు పెట్టండి. రెండు ఆఫీసుల్లోనూ 192.168.1 నెట్‌వర్కే ఉంటే టన్నెల్ వేసినా పని జరగదు. తిరుపతికి 192.168.10, చిత్తూరుకు 192.168.20 అని ముందే మార్చుకోండి.

ఇన్వైట్ చేరి జవాబు వస్తోందంటే సగం పని అయినట్టే, ఇక ఆ జవాబులోని నంబరే కారణం చెబుతుంది. 401 చూసి కంగారు పడొద్దు, పాస్‌వర్డ్ ఉన్న ట్రంక్‌లో మొదటి జవాబు అదే. దాని తర్వాత పాస్‌వర్డ్ వివరాలతో రెండో ఇన్వైట్ వెళ్ళాలి. దానికీ 401 వస్తేనే యూజర్‌నేమో, పాస్‌వర్డో తప్పు. ఆస్టరిస్క్ లాగ్‌లో ‘నో మ్యాచింగ్ ఎండ్‌పాయింట్ ఫౌండ్’ అని ఉంటే ఆ ఐపీని పీబీఎక్స్ గుర్తుపట్టలేదు. కరెంటు పోయొచ్చాక బ్రాడ్‌బ్యాండ్ ఐపీ మారినప్పుడు ఎక్కువగా కనపడేది ఇదే. 404 అంటే ఆ నంబరు దొరకలేదు, ఇన్వైట్ మొదటి లైను చదవండి. బయటికి వెళ్ళడానికి నొక్కిన 8ని తీసేయకుండా 8301 అని పంపుతున్నారేమో. 488 అంటే కోడెక్ (గొంతును డేటాగా మార్చే పద్ధతి) కుదరలేదు. రెండు వైపులా జీ.711 ఏ-లా ఒక్కటే ఉంచండి. ఒక్కో కాల్‌కు ఒక్కో దిక్కున సుమారు 87 కేబీపీఎస్ పడుతుంది, పది కాల్స్‌కు 1 ఎంబీపీఎస్ అప్‌లోడ్ చాలు. కోడెక్‌ల జాబితా పెరిగితే ఇన్వైట్ 1,500 బైట్లు దాటి ముక్కలవుతుంది, కొన్ని రౌటర్లు ఆ ముక్కలను పారేస్తాయి. టన్నెల్‌లోనైతే 1,420 దగ్గరే ముక్కలవుతుంది.

ఇక మాట ఒకవైపే వినపడటం. దీనికో గుర్తు: ఎవరికి వినపడట్లేదో ముందు వాళ్ళ వైపే వెతకాలి. తిరుపతి వాళ్ళకు వినపడట్లేదంటే, తమ గొంతు ఎక్కడికి పంపాలో చిత్తూరుకు తిరుపతే తప్పుగా చెప్పి ఉండొచ్చు. తిరుపతి పంపిన ఇన్వైట్‌లో ఎస్‌డీపీ భాగం (గొంతు ఎక్కడికి, ఎలా పంపాలో చెప్పేది) తెరిచి, సి= తో మొదలయ్యే లైను చూడండి. అక్కడ పబ్లిక్ ఐపీ బదులు 192.168.10.5 లాంటిది ఉంటే చిత్తూరు పీబీఎక్స్ ఆ చిరునామాకే ఆర్‌టీపీ (గొంతు మోసే ప్యాకెట్లు) పంపుతుంది, అది తిరుపతికి రానే రాదు. ఆస్టరిస్క్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్, ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్ రెండింట్లోనూ పబ్లిక్ ఐపీ పెట్టి, లోకల్ నెట్‌లో మీ లాన్ (ఆఫీసు లోపలి నెట్‌వర్క్) రాయండి. టన్నెల్ వాడుతుంటే అవతలి లాన్‌ను కూడా లోకల్ నెట్‌లో చేర్చాలి, అప్పుడే చిరునామా మారకుండా వెళ్తుంది. మాట పీబీఎక్స్‌ల గుండానే వెళ్ళేలా డైరెక్ట్ మీడియా ‘నో’ పెట్టండి. చిరునామా సరిగానే ఉంటే ఫైర్‌వాల్‌లో ఆర్‌టీపీ పోర్టులు చూడండి. ఆస్టరిస్క్ పీబీఎక్స్‌లలో మామూలుగా యూడీపీ 10000 నుంచి 20000 దాకా వాడతారు. కాల్ నడుస్తుండగా క్యాప్చర్‌లో ఒక్కో దిక్కున సెకనుకు 50 ప్యాకెట్లు కనపడాలి.

సరిగ్గా 32 సెకన్లకు కట్టయితే కేబుల్‌ను తిట్టకండి. ఫోన్ ఎత్తిన వైపు 200 ఓకే పంపి, దానికి ఆక్ (అందిందనే జవాబు) కోసం ఎదురుచూస్తుంది. రాకపోతే అర సెకను, ఒకటి, రెండు, నాలుగు సెకన్ల ఎడంతో మళ్ళీ మళ్ళీ అదే పంపి, 32 సెకన్లకు బై చెప్పేస్తుంది. ఆక్ వెళ్ళేది 200 ఓకేలోని కాంటాక్ట్ లైనులో ఉన్న చిరునామాకు. ఎక్కువసార్లు అక్కడ కూడా లోపలి ఐపీయే ఉంటుంది, మందు పైన చెప్పిందే. అరగంటలోపు, ముఖ్యంగా 15 నిమిషాల దగ్గర ఆగే కాల్స్ వేరు. కాల్ ఇంకా నడుస్తోందా అని చూసే సెషన్ టైమర్ మామూలుగా 1,800 సెకన్లు, సగం దగ్గర రిఫ్రెష్ వెళ్తుంది. దానికి జవాబు రాకపోతే కాల్ పోతుంది.

మాట బాగున్నా మెనూలో నొక్కిన అంకెలు పట్టకపోతే రెండు వైపులా డీటీఎంఎఫ్‌ను (నొక్కిన అంకెలు పంపే పద్ధతి) ఆర్‌ఎఫ్‌సీ 4733కి మార్చండి. కొన్నిట్లో పాత పేరు 2833 అనే ఉంటుంది.

బాగైందనుకున్నాక ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి కాల్ చేసి, రెండింటినీ 16 నిమిషాలు పట్టి ఉంచండి. ఆప్షన్స్ పింగ్‌ను (అవతలి పీబీఎక్స్ ఉందా అని అడిగే మెసేజ్) 30 సెకన్లకు ఒకసారి పెట్టండి, న్యాట్ దారి మూసుకోదు. రెండు చోట్లా ఫెయిల్‌టూబ్యాన్‌లో (తప్పు పాస్‌వర్డ్‌లు పంపే ఐపీలను ఆపే టూల్) అవతలి ఐపీని మినహాయింపు జాబితాలో రాయండి. లేకపోతే ఇందాక తప్పు పాస్‌వర్డ్‌తో పోయిన ప్రయత్నాలకు అది బ్లాక్ అయిపోయి, అంతా సరిచేశాక కూడా ట్రంక్ లేవదు.