అమ్రాబాద్ అడవికి పోయే ముందు

నల్లమలలోని ఈ పులుల అడవికి పోవాలంటే, అన్నిటికన్నా ముందు టైం చూసుకోండి. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను అడవిలోకి వదలరు. ఆలస్యమైతే అచ్చంపేటలోనే పడుకోండి. పెట్రోలు కూడా అక్కడే కొట్టించుకోండి.

వానాకాలంలో సఫారీ ఆపేస్తారు, ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి.

ప్లాస్టిక్ సీసాలొద్దు, స్టీలువి పెట్టుకోండి. సెంటు, ఎర్రచొక్కా ఇంట్లోనే. మట్టిరంగు బట్టలు మేలు.

కోతులతో మాత్రం జాగ్రత్త! పోయినసారి మా పాప కిటికీలోంచి చెయ్యి పెట్టిందో లేదో, మిర్చీబజ్జీ పొట్లం మాయం. కోతి కాగితం చింపి, మిరపకాయ ఊసేసి, శనగపిండి తోలు మాత్రం తిన్నది. నవ్వొచ్చింది గానీ, గోరు తగిలుంటే సూదులకు తిరగాల్సొచ్చేది. అద్దాలు ఎక్కించే ఉంచండి, తిండి అస్సలు వెయ్యొద్దు.

2,611 చదరపు కిలోమీటర్ల అడవిలో పులి మన కోసం కూర్చుని ఉండదు. మెత్తటి దుమ్ములో అడుగుజాడ చూడండి. దుప్పి, కొండముచ్చు ఒక్కసారిగా అరిస్తే మాటలాపి, బండి దిగకుండా ఆ దిక్కు చూడండి.

చెంచు పెంటల్లో (అడవిలో చెంచులుండే గూడేల్లో) అడగకుండా ఫోటోలు తీయొద్దు. ఎండాకాలం బీడీ, సిగరెట్ జేబులోంచి తీయనే వద్దు.