సైకిలు అమరిక – 4వ పాఠం: పాత కొలతలను కొత్త రేసింగ్ సైకిలుకు మార్చడం

గత పాఠంలో కాలి లోపలి పొడవును 0.883తో హెచ్చవేసి సీటు ఎత్తును, అంటే పెడళ్లు తిరిగే ఇరుసు కేంద్రం నుంచి సీటు పైభాగం దాకా దూరాన్ని, లెక్కగట్టాము. 82 సెంటీమీటర్ల కాలికి అది సుమారు 72.4 సెంటీమీటర్లు వస్తుంది. ఇంట్లో ఇప్పటికే నాలుగైదు సైకిళ్లు ఉండి, వాటి సరసన రేసింగ్ సైకిలు కొత్తగా చేరినప్పుడు మాత్రం, ఈ సూత్రం కన్నా నమ్మదగిన ఆధారం మీ దగ్గరే ఉంటుంది. గంటల తరబడి తొక్కినా మోకాలు గాని నడుము గాని నొప్పిపెట్టని రోడ్డు సైకిలు ఏదో గుర్తించి, దాని కొలతలను తీసుకోండి. నిటారుగా కూర్చుని తొక్కే పాత సైకిళ్లు ఇందుకు పనికిరావు, అవి ఎంత ఇష్టమైనవైనా సరే.

ముందుగా రెండు సైకిళ్ల క్రాంకుల (ఇరుసును పెడల్‌కు కలిపే కడ్డీల) మీద చెక్కి ఉన్న పొడవును చూడండి. పాతది 170, కొత్తది 172.5 మిల్లీమీటర్లు అయితే, పెడల్ అట్టడుగుకు చేరినప్పుడు పాదం 2.5 మిల్లీమీటర్లు కిందికి పోతుంది కాబట్టి, సీటును అంతమేర దించాలి. అలా దించినందువల్ల పెడల్ పైకి వచ్చినప్పుడు పాదానికీ సీటుకూ మధ్య దూరం 5 మిల్లీమీటర్లు తగ్గి, మోకాలు మరికొంత ముడుచుకుంటుంది. మోకాళ్లు సున్నితంగా ఉన్నవారు కొనేటప్పుడే పాత పొడవు క్రాంకును అడిగి వేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

తరువాతిది సీటు వెనుకబాటు. సమతలమైన నేల మీద సైకిలును నిలిపి, బరువు కట్టిన దారాన్ని సీటు మొన నుంచి వేలాడదీసి, అది క్రాంకు ఇరుసు కేంద్రానికి ఎంత వెనుకగా ఉందో కొలవడం వాడుకలో ఉన్న పద్ధతి. ఇందులో ఒక చిక్కు ఉంది. పాతకాలపు సీటు 27 సెంటీమీటర్లకు పైగా పొడవుంటే, ఇప్పటి పొట్టి రేసింగ్ సీట్లు 25 సెంటీమీటర్ల చుట్టూ ఉంటాయి. మొనను ఆధారం చేసుకుంటే, ఆ తేడా మేరకు మీరు కూర్చునే చోటు ముందుకు జరిగిపోతుంది. అందువల్ల సీటు వెడల్పు సరిగ్గా 8 సెంటీమీటర్లు ఉన్నచోట గీత గీసి, రెండు సైకిళ్లకూ అక్కడి నుంచే కొలవండి. సీటు గొట్టం సుమారు 73 డిగ్రీల వాలుతో ఉంటుంది కనుక, సీటును ఒక సెంటీమీటరు ఎత్తితే అది దాదాపు 3 మిల్లీమీటర్లు వెనక్కి కూడా పోతుంది. ఒకటి సరిచేసిన ప్రతిసారీ రెండోదాన్ని తిరిగి కొలవక తప్పదు.

హ్యాండిల్ విషయంలో తొందర వద్దు. రేసింగ్ సైకిలుకు అది పాతదాని కన్నా కిందికి ఉండడం సహజమే. అయినా దాని ఎత్తును నిలిపే కింది రింగులన్నీ (స్పేసర్లు) మొదట అలాగే ఉంచి, నడుము అలవాటుపడ్డాక ఒక్కొక్కటిగా పైకి మార్చండి, ఆ రింగులు ఎక్కి ఉన్న ఫోర్కు గొట్టాన్ని మాత్రం అప్పుడే కోయించకండి.

సీటును మోస్తూ ఫ్రేములోకి దిగే గొట్టం కార్బన్‌దైతే, దానికి గ్రీజుకు బదులు కార్బన్ పేస్టు పూసి, తయారీదారు ముద్రించిన బిగింపు పరిమితిని దాటకుండా టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) బిగించాలి. గొట్టంపై ఉన్న కనీస లోతు గీత బయటికి కనిపించకూడదు.

ఇక అభ్యాసం: మీ దగ్గరున్న ప్రతి సైకిలుకూ క్రాంకు పొడవు, సీటు ఎత్తు, వెనుకబాటు, సీటు గీత నుంచి హ్యాండిల్ దాకా దూరం ఒకే పట్టికలో రాసుకోండి. వచ్చే పాఠంలో బూట్ల అడుగున క్లీట్ల (బూటును పెడల్‌కు తగిలించే ముక్కల) అమరికకు ఈ పట్టికే కావాలి.