‘పూర్వం’ అన్న మాట పట్టుకుని ఒక దేశం చరిత్ర చదవడం ఎలా?

పోలండ్‌లో వ్రోత్స్వావ్ నగరం నడిబొడ్డున, పాత సంత మైదానంలో, కూర్చుని ఉన్న ఒక పెద్దమనిషి విగ్రహం కనిపిస్తుంది. ఆయన అలెగ్జాందర్ ఫ్రెద్రో, హాస్య నాటకాల రచయిత, 1876లో పోయారు. ఆయన బతికిందీ రాసిందీ ఇక్కడికి 500 కిలోమీటర్లకు పైగా తూర్పున ఉన్న ల్వూఫ్ ప్రాంతంలో. విగ్రహాన్ని పెట్టింది కూడా అక్కడే, 1897లో. ఆ ల్వూఫ్ ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది, పేరు ల్వీవ్. విగ్రహం 1956లో ఇక్కడికి చేరింది. అంతకుముందు ఇదే చోట జర్మన్ రాజ్యమైన ప్రష్యాకు రాజు మూడో ఫ్రెడరిక్ విలియమ్ గుర్రమెక్కి ఉండేవాడు. ఎందుకంటే 1945 దాకా ఈ ఊరు జర్మనీది, పేరు బ్రెస్లౌ.

ఊరు మారలేదు, దేశం మారింది. మనుషులు మారారు. విగ్రహం కూడా వలస వచ్చింది. యుద్ధాలు, అణచివేతలు, ప్రభుత్వాల కూలిపోవడాలు చూసిన ఏ దేశంలోనైనా ఇలా ‘పూర్వం’ అని మొదలుపెట్టాల్సిన వాక్యాలు అడుగడుగునా తగులుతాయి. వాటిని పట్టుకుని ఆ దేశపు ఆధునిక చరిత్రను సొంతంగా చదువుకోవడం ఎలాగో చూద్దాం. పద్ధతి ఏ దేశానికైనా పనికొస్తుంది. ఇక్కడ మాత్రం పోలండ్ మీదే చేసి చూపిస్తాను. పది దేశాల నుంచి తలా ఒక ముక్క తెస్తే ఏదీ ఒంటబట్టదు.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు: వేర్వేరు కాలాల మ్యాపులు మూడు, జనాభా లెక్కలు రెండు, ఒక నోటుపుస్తకం, తొందరపడని మనసు.

1. పాలకుల జాబితా పక్కన పెట్టి, మ్యాపులు తీయండి

ఎవరి తర్వాత ఎవరు గద్దెనెక్కారో బట్టీ పట్టడంతో మొదలుపెడితే నెల రోజుల్లో విసుగొస్తుంది. మ్యాపులతో మొదలుపెట్టండి. పోలండ్‌కైతే 1772కు ముందుది ఒకటి, రెండు ప్రపంచ యుద్ధాల నడుమది ఒకటి, 1945 తర్వాతిది ఒకటి చాలు.

మొదటి మ్యాపులో పెద్ద రాజ్యం ఉంటుంది. 1772, 1793, 1795లలో మూడు విడతలుగా రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దాన్ని పంచుకున్నాయి. ఆ తర్వాత 123 ఏళ్లు పోలండ్ అనే స్వతంత్ర దేశమే లేదు. 1918లో తిరిగి లేచి నిలబడేసరికి మూడు ముక్కల్లో మూడు రకాల చట్టాలు, వేర్వేరు డబ్బు, మూడు రాజధానుల వైపు చూసే రైలు మార్గాలు. కొత్త ప్రభుత్వానికి సగం బలం వీటిని అతకడానికే పోయింది. 1926లో స్వాతంత్ర్య పోరాట నాయకుడు మార్షల్ పిల్సూద్‌స్కీ సైనిక బలంతో అధికారం ఎందుకు చేజిక్కించుకోగలిగాడో తెలియాలంటే ఈ అతుకుల సంగతి ముందు తెలియాలి.

మూడో మ్యాపులో దేశం మొత్తం పడమరకు జరిగి ఉంటుంది. తూర్పు భాగాలు సోవియట్ యూనియన్‌కు పోయాయి, పడమటి భాగాలు జర్మనీ నుంచి వచ్చాయి. విస్తీర్ణం సుమారు 3.89 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి 3.12 లక్షలకు తగ్గింది. పలుచని కాగితం మీద రెండు సరిహద్దులూ గీసి, ఒకదానిలో ఉండి మరొకదానిలో లేని ప్రాంతాలకు పెన్సిల్‌తో గీతలు కొట్టండి. మీ అసలు పాఠం ఆ గీతల కింద ఉంది.

2. జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి తీసివేత చేయండి

1931 లెక్కల్లో సుమారు 3.19 కోట్ల మంది. 1946 ఫిబ్రవరిలో సుమారు 2.39 కోట్లు. తేడా 80 లక్షలు. కొత్తగా చదివేవాళ్లు ఇక్కడే తప్పటడుగు వేస్తారు, ఈ 80 లక్షలూ యుద్ధంలో చనిపోయారని రాసేసుకుంటారు. ఆగండి. రెండు లెక్కలూ ఒకే నేలవి కావు కదా. తూర్పున సరిహద్దు అవతల ఉండిపోయినవాళ్లు ఉన్నారు. 1931కీ 1939కీ మధ్య జనాభా పెరిగింది కూడా. పైగా 1946 లెక్కలో, అప్పటికింకా వెళ్లగొట్టని 20 లక్షలకు పైగా జర్మన్లు కలిసి ఉన్నారు.

అందుకని నోటుపుస్తకంలో గళ్లు విడగొట్టండి. చంపబడినవారు ఒకచోట, సరిహద్దు మారడం వల్ల బయట పడ్డవారు ఒకచోట, తరిమివేయబడ్డవారూ తిరిగి రానివారూ మరొకచోట. మొదటి గడిలోకి వచ్చే సంఖ్య సుమారు 55 నుంచి 60 లక్షలు. అందులో దాదాపు 30 లక్షల మంది పోలండ్ యూదులు, అంటే నాజీ జర్మనీ ఆ దేశపు యూదుల్లో పదింట తొమ్మిదిమందిని చంపింది.

అంకెలు అయ్యాక, అడిగిన ప్రశ్నలు చూడండి. ఇది చాలామంది వదిలేసే పని, నాకైతే అన్నిటికన్నా ఇష్టమైనది. 1921లో లెక్కలవాళ్లు జాతి ఏమిటని అడిగారు. 1931లో ఆ ప్రశ్న తీసేసి మాతృభాష, మతం అడిగారు. ప్రశ్న మార్చడమూ రాజకీయమే, దేశంలో మైనారిటీలు తక్కువగా కనిపించాలంటే ఏ ప్రశ్న అడగాలో ప్రభుత్వాలకు తెలుసు. అయినా పొలేసియె అనే చిత్తడి నేలల ప్రాంతంలో ఏడు లక్షల మందికి పైగా పోలిష్ అనీ అనలేదు, ఉక్రేనియన్ అనీ అనలేదు. వాళ్ల భాష ‘ఇక్కడిది’ అని నమోదైంది. జాతుల పేరుతో రక్తం పారిన శతాబ్దంలో, ఆ పేరే అక్కర్లేకుండా బతుకుతున్న మనుషులు లక్షల్లో ఉన్నారని దీన్నిబట్టి తెలుస్తోంది.

3. ఒక్క ఊరు పట్టుకోండి

దేశం మొత్తం ఒకేసారి మింగుడు పడదు. మీరు గీతలు కొట్టిన ప్రాంతంలోంచి ఒక ఊరు తీసుకోండి. దానికి ఎన్ని పేర్లున్నాయో రాయండి. ల్వూఫ్‌నే చూస్తే ఆస్ట్రియా హయాంలో లెంబెర్గ్, పోలిష్‌లో ల్వూఫ్, రష్యన్‌లో ల్వోవ్, ఉక్రేనియన్‌లో ల్వీవ్. ఏ పేరు ఎప్పుడు బోర్డు మీదికి ఎక్కిందో చూస్తే పాలకులు మారిన క్రమం తెలిసిపోతుంది.

తర్వాత ఆ ఊళ్లోంచి ఏవేం బయటికి వెళ్లాయో వెతకండి. ల్వూఫ్ నుంచి వ్రోత్స్వావ్‌కు వచ్చింది ఫ్రెద్రో విగ్రహం ఒక్కటే కాదు. 1817లో స్థాపించిన ఒస్సొలీనెవుమ్ గ్రంథాలయం పుస్తకాల్లో ఒక భాగం వచ్చింది. ‘రాత్స్వావిత్సె పనోరమా’ అనే బ్రహ్మాండమైన చిత్రమూ వచ్చింది. 15 మీటర్ల ఎత్తు, 114 మీటర్ల పొడవు. 1794లో కొశ్చూష్కో నాయకత్వంలో, కొడవళ్లు పట్టిన రైతులతో కలిసి పోలిష్ సేన రష్యా సైన్యాన్ని ఓడించిన యుద్ధం అందులో ఉంది. చిక్కల్లా అక్కడే. 1946లో చిత్రం చేరింది గానీ, మాస్కో నీడలో ఉన్న ప్రభుత్వం రష్యా ఓటమిని గోడకెక్కించడం ఎలా? దాదాపు 40 ఏళ్లు చుట్టి దాచారు. జనం చూసింది 1985లో.

ఒక జాగ్రత్త. వ్రోత్స్వావ్ వాళ్లందరూ ల్వూఫ్ నుంచి వచ్చినవాళ్లేనని ఒక కథ వాడుకలో ఉంది. కథ అందంగా ఉంటుంది గానీ, యుద్ధం తర్వాత ఇక్కడ స్థిరపడినవారిలో మధ్య పోలండ్ నుంచి వచ్చినవారే ఎక్కువ. ఊరు తన గురించి తాను చెప్పుకునే కథను కూడా రాసుకోండి, లెక్కకు మాత్రం కలపకండి.

4. ప్రతి ఘటనకూ రెండు తేదీలు వేయండి

మామూలు కాలపట్టికలో జరిగిన తేదీ ఒక్కటే ఉంటుంది. మీరు పక్కనే ఇంకో వరుస గీసి, ‘ఎప్పుడు బయటికి చెప్పగలిగారు’ అని పేరు పెట్టండి. నియంతృత్వం నడిచిన దేశాలకు ఈ రెండో వరుస లేకపోతే సగం చరిత్ర అర్థం కాదు.

రష్యాలోని కతిన్ అడవి పేరుతో పిలిచే హత్యాకాండ చూడండి. 1940 మార్చి 5న సోవియట్ పొలిట్ బ్యూరో నిర్ణయం. ఆ వసంతంలో సుమారు 22,000 మంది పోలిష్ అధికారులు, పోలీసులు, చదువుకున్నవారిని కాల్చి చంపారు. 1943 ఏప్రిల్‌లో జర్మన్లు సమాధులు బయటపెట్టారు. చేసింది జర్మన్లేనని సోవియట్ కమిషన్ 1944లో తేల్చేసింది. తర్వాత పోలండ్‌లోనూ అధికారిక మాట అదే. 1990 ఏప్రిల్ 13న సోవియట్ ప్రభుత్వం ఒప్పుకుంది. పత్రాలు 1992లో వచ్చాయి.

రెండు తేదీల మధ్య 50 ఏళ్లు. ఆ 50 ఏళ్లలో చనిపోయినవాళ్ల పిల్లలు పెద్దయ్యారు, ఇంట్లో ఒకటి విన్నారు, బడిలో ఇంకొకటి రాశారు. ఒక తరం మొత్తం ప్రభుత్వం చెప్పే దేన్నీ నమ్మకుండా తయారవడానికి ఇది చాలదా? 1939 ఆగస్టు 23న పోలండ్‌ను పంచుకోవడానికి హిట్లర్, స్టాలిన్ ప్రభుత్వాలు చేసుకున్న రహస్య ఒప్పందం కూడా ఇంతే, మాస్కో దాన్ని ఒప్పుకున్నది 1989 డిసెంబరులో.

5. తిరుగుబాట్ల కోరికల జాబితా చదవండి

ఒక తిరుగుబాటు ఎందుకు వచ్చిందో నాయకుల ఉపన్యాసాల కన్నా జనం ఇచ్చిన కోరికల చిట్టా బాగా చెబుతుంది. అందులో అంతకుముందటి తిరుగుబాటు ఎక్కడ దాక్కుందో చూడండి.

1970 డిసెంబరులో ఆహార ధరలు పెంచారు. గ్దాన్‌స్క్, గ్దీన్యా రేవుల్లో కార్మికులు వీధికెక్కారు, సైన్యం కాల్చింది, 40 మందికి పైగా చనిపోయారు. పాలక కమ్యూనిస్టు పార్టీ నాయకుడు గొముల్కా దిగిపోయాడు. పదేళ్ల తర్వాత, 1980 ఆగస్టులో, గ్దాన్‌స్క్ ఓడల కర్మాగారంలో సమ్మె మొదలైంది. పనిలోంచి తీసేసిన ఆన్నా వలెంతినోవిచ్‌ను తిరిగి చేర్చుకోవాలన్నారు, జీతాలడిగారు. వాటితోపాటే 1970లో చనిపోయినవారికి స్మారకం కట్టాలన్నారు. కడుపు కోసం చేసే సమ్మెలో సమాధి రాయి అడగడం ఎందుకో ఇప్పుడు మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ డిసెంబరులోనే స్మారకం లేచింది. ఆ సమ్మెలోంచి పుట్టిన సాలిడారిటీ కార్మిక సంఘంలో సభ్యులు సుమారు కోటికి చేరారు. 1981 డిసెంబరు 13న సైనిక పాలన విధించారు, 1989 జూన్ 4న ఎన్నికలొచ్చాయి. ఈ తేదీలు ఎక్కడైనా దొరుకుతాయి, కోరికల చిట్టా మాత్రం వెతుక్కుని చదవండి.

6. అణచివేతను కాగితాల్లో వెతకండి

అణచివేత అనగానే తుపాకులు గుర్తొస్తాయి. చాలాసార్లు అది ఒక దరఖాస్తు ఫారంగా వస్తుంది. 1968లో పోలండ్ ప్రభుత్వం విద్యార్థుల ఆందోళనలను అణచివేస్తూ యూదుల మీద ప్రచారం నడిపింది. తర్వాత మూడు నాలుగేళ్లలో 13,000 మందికి పైగా వెళ్లిపోయారు. వాళ్లకిచ్చింది పాస్‌పోర్టు కాదు, ఒక ప్రయాణ పత్రం. దీన్ని పట్టుకున్న వ్యక్తి పోలండ్ పౌరుడు కాడు అని దాని మీదే రాసి ఉండేది. ఏ దేశపు పౌరుడో రాయలేదు. చాలామంది రైలెక్కింది వార్సా నగరంలోనే ‘గ్దాన్‌స్క్ స్టేషన్’ అనే పేరున్న స్టేషన్లో, దాని గోడకు ఇప్పుడొక ఫలకం ఉంది.

ప్రభుత్వ కాగితాలతో ఆగిపోకండి, బాధితులు దాచిన కాగితాలూ ఉంటాయి. నాజీలు యూదులను గోడ కట్టి నిర్బంధించిన వార్సా ఘెట్టోలో చరిత్రకారుడు ఎమ్మాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్, ఆయన బృందం రహస్యంగా అన్నీ పోగేశారు. డైరీలు, పిల్లల వ్యాసాలు, రేషన్ కార్డులు, ట్రామ్ టికెట్లు, చివరికి మిఠాయి కాగితాలు కూడా. రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి పాతిపెట్టారు. 1946లో ఒక భాగం, 1950లో ఇంకో భాగం దొరికాయి. మూడోది దొరకలేదు. రింగెల్‌బ్లూమ్‌ను 1944లో చంపారు. ఘెట్టో గురించి జర్మన్ కార్యాలయాల కాగితాలు మాత్రమే మిగిలి ఉంటే మనం ఏ చరిత్ర చదివేవాళ్లమో ఒక్కసారి ఊహించండి.

7. ‘మనవాళ్లు’ చేసినవి విడిగా ఒక పేజీలో రాయండి

దెబ్బలు తిన్న దేశం ఎవరినీ కొట్టి ఉండదని అనుకోవడం తేలిక. 1941 జూలై 10న యెద్వాబ్నె అనే చిన్న ఊళ్లో, జర్మన్ ఆక్రమణ కింద, పొరుగునున్న పోలిష్ జనమే యూదులను కొట్టి, కొట్టంలో పెట్టి తగలబెట్టారు. పోలండ్ ప్రభుత్వ సంస్థ విచారణ ప్రకారం చనిపోయినవారు కనీసం 340 మంది. 2001లో దేశాధ్యక్షుడు క్వశ్న్యేవ్‌స్కీ అక్కడికెళ్లి క్షమాపణ చెప్పాడు. 1946 జూలైలో, అంటే యుద్ధం అయిపోయాక, క్యెల్త్సెలో దాదాపు 40 మంది యూదులను గుంపు చంపింది. 1947లో సుమారు 1,40,000 మంది ఉక్రేనియన్లను, లెమ్కోలు అనే కొండప్రాంతపు జనాన్ని ఆగ్నేయం నుంచి పెకలించి ఉత్తర, పశ్చిమ ప్రాంతాల్లో చెల్లాచెదురుగా పడేశారు. దానికి నాలుగేళ్ల ముందు, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న వొలీనియాలో, ఉక్రేనియన్ సాయుధ దళాలు పోలిష్ గ్రామాలను ఊచకోత కోశాయి. ఒకటి రెండోదానికి సాకు కాదు, కానీ పక్కపక్కన లేకపోతే రెండూ అర్థం కావు. ఈ పేజీ కోసం పొరుగుదేశం వాళ్లు రాసింది కూడా ఒకటి చదవండి. కోపం వస్తే రానివ్వండి.

8. సెలవుల పట్టిక చూడండి

ఇది పది నిమిషాల పని. ఏ సెలవు ఎప్పుడు పోయింది, ఏది తిరిగొచ్చింది? నవంబరు 11, 1918 స్వాతంత్ర్య దినం. 1945లో తీసేశారు, 1989లో తిరిగి పెట్టారు. మే 3, 1791 రాజ్యాంగ దినం. అది 1990లో తిరిగొచ్చింది. వాటి బదులు కమ్యూనిస్టు కాలంలో జూలై 22 జరిపేవారు, 1944లో మాస్కో మద్దతున్న కొత్త ప్రభుత్వం ప్రకటన చేసిన రోజు అది.

ఆ తేదీని కర్మాగారాలకు కూడా పేరుగా పెట్టారు. వార్సాలో వెడెల్ కుటుంబానిది పేరుమోసిన చాక్లెట్ కర్మాగారం. యుద్ధం తర్వాత ప్రభుత్వం స్వాధీనం చేసుకుని ‘జూలై 22’ అని పేరు మార్చింది. కానీ ఆ పేరుతో చాక్లెట్ ఎవరు కొంటారు? అందుకే చుట్టిన కాగితం మీద కొత్త పేరు కింద ఇంకో మాట ఉండనిచ్చారు: ‘పూర్వం ఇ. వెడెల్’.