హైదరాబాద్ నుంచి అమెరికాకు చంటిపిల్లలతో విమాన ప్రయాణం: టికెట్ నుంచి జెట్‌లాగ్ దాకా

ఇంటి గడప దాటింది మొదలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో అవతలి ఇంట్లో అడుగుపెట్టేదాకా, గల్ఫ్ మీదుగా వెళ్ళే ప్రయాణం దాదాపు 30 గంటలు పడుతుంది. ఇందులో గాల్లో ఉండేది 20 గంటలే. హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా, అబుదాబిలకు నాలుగు గంటల పైచిలుకు, అక్కణ్ణుంచి అమెరికాకు 14 నుంచి 16 గంటలు. మిగతాదంతా కార్లో, క్యూల్లో, గేటు దగ్గర కుర్చీల్లో గడిచిపోతుంది. పిల్లలు ఎక్కువగా పేచీ పెట్టేదీ అక్కడే. అందుకే సర్దడం మొదలుపెట్టేముందు మీ టికెట్ ప్రకారం మొత్తం గంటలు ఒక కాగితం మీద వేసుకోండి. పాలు, డైపర్లు, బట్టలు అన్నీ ఆ అంకెను బట్టే.

టికెట్ కొనేటప్పుడు

రెండేళ్ళు నిండని బిడ్డకు ఒళ్ళో కూర్చోబెట్టుకునే ఇన్‌ఫెంట్ టికెట్ సరిపోతుంది. అంతర్జాతీయ విమానాల్లో ఇది సాధారణంగా పెద్దవాళ్ళ ఛార్జీలో పదో వంతు, దానిపైన పన్నులు. వయసు చూసేది టికెట్ కొన్న రోజున కాదు, విమానం ఎక్కే రోజున. వెళ్ళేటప్పుడు 23 నెలలున్న బిడ్డకు అక్కడే రెండో పుట్టినరోజు జరిగితే, తిరుగు ప్రయాణానికి విడిగా సీటు కొనాల్సిందే. ఆఖరి నిమిషంలో కౌంటర్ దగ్గర ఇది బయటపడితే ఆ రోజు రేటుకే కొనాలి. ఏడాదిన్నర దాటి, పదకొండు కిలోలున్న బిడ్డకైతే సీటు కొనడమే నయం. అంత బరువును ఒళ్ళో పెట్టుకుని 16 గంటలు కూర్చుంటే దిగేసరికి నడుము పనిచేయదు.

బాసినెట్ (పసిబిడ్డను పడుకోబెట్టే చిన్న తొట్టె) కావాలంటే బుక్ చేసిన రోజే విమాన సంస్థకు ఫోన్ చేసి అడగండి. ఎదురుగా గోడ ఉండే వరసల్లో మాత్రమే వాటిని బిగిస్తారు, అవీ కొన్నే. చాలా సంస్థల్లో బరువు పరిమితి 10 లేదా 11 కిలోలు. పొడవుకూ పరిమితి ఉంటుంది కాబట్టి బిడ్డ పొడవు కొలిచి చెప్పండి. దీనికీ ఇబ్బందులున్నాయి. సీట్‌బెల్ట్ లైటు వెలిగిన ప్రతిసారీ నిద్రపోతున్న బిడ్డను లేపి ఒళ్ళోకి తీసుకోవాలి. ముందు సీటు లేదు కాబట్టి టేకాఫ్‌లో, దిగేటప్పుడు సంచి కాళ్ళ దగ్గర పెట్టుకోనివ్వరు, పైన అరలో పెట్టాలి. చేతుల ఆనికలు పైకి లేవవు కాబట్టి పక్కనున్న పెద్ద పిల్లాణ్ణి అడ్డంగా పడుకోబెట్టడం కుదరదు. ఎనిమిది నెలల లోపు బిడ్డకు బాసినెట్ బంగారం. నడక వచ్చిన బిడ్డకు దాని మీద ఆశ పెట్టుకోకండి.

కవలలున్నవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. ఒక్కో సీట్ల గుంపుకు అదనంగా సాధారణంగా ఒక ఆక్సిజన్ మాస్కే ఉంటుంది. అందుకని ఒళ్ళో పిల్లలున్న ఇద్దరు పెద్దవాళ్ళను పక్కపక్క సీట్లలో కూర్చోనివ్వరు. నడవకు అటొకరు, ఇటొకరు ఉండేలా ముందే సీట్లు ఎంచుకుంటే ఎక్కాక గొడవ ఉండదు.

మధ్యలో ఆగే సమయం మూడు, నాలుగు గంటలుండాలి. గంటన్నర అయితే పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తాలి, ఎనిమిది గంటలైతే అదో శిక్ష. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే పూర్తవుతుంది. అమెరికాలో దిగాక సామాను తీసుకుని ఇంటికి వెళ్ళిపోవడమే. కానీ అక్కడ మరోసారి భద్రతా తనిఖీ ఉంటుంది కాబట్టి మూడు గంటలకు తగ్గితే కష్టం.

కాగితాలు

నెలల బిడ్డకైనా సొంత పాస్‌పోర్ట్, సొంత వీసా ఉండాలి. అమెరికాలో పుట్టిన పిల్లలకు అమెరికా పాస్‌పోర్ట్‌తో పాటు భారత్ రావడానికి ఓసీఐ కార్డో (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్ళకిచ్చేది), ఈ-వీసానో కావాలి. 16 ఏళ్ళ లోపు వాళ్ళకిచ్చే అమెరికా పాస్‌పోర్ట్ అయిదేళ్ళకే ముగుస్తుంది. పాస్‌పోర్ట్ మారినప్పుడల్లా దాని కాపీ, కొత్త ఫొటో ఓసీఐ వెబ్‌సైట్లో అప్‌లోడ్ చేయాలి. తల్లో తండ్రో ఒక్కరే తీసుకెళ్తుంటే, లేదా అమ్మమ్మ తాతయ్యలతో పంపుతుంటే, రాని వాళ్ళ సంతకంతో నోటరీ చేసిన అనుమతి పత్రం, జనన ధృవపత్రం కాపీ దగ్గర ఉంచుకోండి. చాలాసార్లు ఎవరూ అడగరు. అడిగినప్పుడు మాత్రం అర్ధరాత్రి ఫోన్లు చేసుకునే పని తప్పుతుంది.

చేతి సంచి లెక్క

మొత్తం గంటల్ని మూడుతో భాగించండి, వచ్చినదానికి సగం కలపండి. 30 గంటల ప్రయాణానికి పది, సగం కలిపితే పదిహేను. పాలపొడి పదిహేను పూటలకు, డైపర్లు పదిహేను. ఆ సగం ఎందుకంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే మిమ్మల్ని హోటల్‌కు పంపుతారు, చెక్-ఇన్ చేసిన పెట్టెలు మాత్రం సాధారణంగా విమానాశ్రయంలోనే ఉండిపోతాయి.

డైపర్లన్నీ ఒక్క కట్టగా పెట్టకండి. ఒక డైపర్, మడిచిన నాలుగైదు వైప్స్, ఒక ప్లాస్టిక్ కవరు కలిపి చిన్న పొట్లాలుగా చేయండి. విమానం బాత్రూంలో రెండు చేతులు చాపే చోటుండదు. ఒక పొట్లం పట్టుకెళ్తే చాలు. డైపర్ మార్చే బల్ల అన్ని బాత్రూముల్లో ఉండదు, ఎక్కడుందో ఎక్కగానే సిబ్బందిని అడగండి. నిలబడే పిల్లలకు ప్యాంట్ రకం సుఖం. ఫ్లష్ శబ్దానికి కొందరు పిల్లలు హడలిపోయి మళ్ళీ బాత్రూంలోకి రామంటారు. మూత వేశాకే నొక్కండి. బిడ్డకు మూడు జతల బట్టలు, మీకు ఒక చొక్కా లేదా డ్రెస్సు తప్పనిసరి. బిడ్డ వాంతి చేసుకుంటే పడేది మీ మీదే.

పాలపొడి పూర్తిగా క్రిములు లేనిది కాదు. అందుకే 70 డిగ్రీలకు తగ్గని నీళ్ళలో కలిపి చల్లార్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక్కో పూటకు సరిపడా పొడి చిన్న డబ్బాల్లో కొలిచి పెట్టుకోండి. ఖాళీ ఫ్లాస్కు తీసుకెళ్ళి తనిఖీ దాటాక వేడినీళ్ళు నింపించుకోండి, విమానంలో సిబ్బందీ ఇస్తారు. కలిపిన సీసాను చల్లని నీళ్ళ గ్లాసులో ఉంచితే చల్లారుతుంది, దానికి పది నిమిషాలు పడుతుంది. కాబట్టి బిడ్డ ఏడుపు అందుకోకముందే మొదలుపెట్టాలి. తాగగా మిగిలినవి గంట దాటితే పారబోయండి. సీసాలు సరిగ్గా కడిగే వీలుండదు కాబట్టి అయిదారైనా ఉండాలి. తల్లిపాలు తాగే బిడ్డైతే ఈ పేరా అంతా మర్చిపోవచ్చు.

ఆరు నెలలు దాటిన పిల్లల తిండి దగ్గరే చాలామంది పొరపడతారు. ఇంట్లో చేసే బియ్యం, పెసరపప్పు ఉగ్గు పొడి పొయ్యి మీద ఉడకాల్సిందే. ఫ్లాస్కులోని వేడినీళ్ళు పోస్తే పచ్చిగానే ఉండి కడుపునొప్పి తెస్తుంది. దాని బదులు అటుకులు వేయించి మెత్తగా పొడి చేయండి, అందులో మూడో వంతు పుట్నాల పప్పు పొడి కలపండి. ఇవి రెండూ ముందే వేడి తగిలినవి. మూడు పెద్ద చెంచాల పొడికి అర గ్లాసు మరిగిన నీళ్ళు పోసి అయిదు నిమిషాలు మూతపెడితే జావలా వస్తుంది. ముందే ఇంట్లో ఒకసారి తినిపించి చూడండి. కొత్త తిండి విమానంలో మొదలుపెట్టకూడదు. పెద్ద పిల్లలకు ఇడ్లీలు పొడిపొడిగా, చట్నీ లేకుండా, బయల్దేరే ముందు చేసినవైతే మొదటి విమానం దాకా ఆగుతాయి. పెరుగన్నం బయట నాలుగు గంటలకు మించి ఉంచకండి. మరమరాలు, వేరుశనగలు, గుండ్రటి ద్రాక్ష నాలుగేళ్ళ లోపు పిల్లల గొంతులో అడ్డుపడతాయి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకండి. పిల్లల భోజనం కావాలంటే కనీసం 24 గంటల ముందు విమాన సంస్థకు చెప్పాలి. అది పెద్దవాళ్ళ భోజనం కంటే ముందే వస్తుంది.

ఈ పొడులన్నీ చిన్న డబ్బాల్లోనే ఉంచండి. అమెరికా వెళ్ళే విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన డబ్బాల్లోని పొడుల్ని ఆపవచ్చు. పాలపొడికి మినహాయింపు ఉంది. అత్తయ్యగారిచ్చిన కారప్పొడికి లేదు, అది పెట్టెలో వేయండి. ఎండు కొబ్బరి మాత్రం పెట్టెలోనూ వద్దు. తనంతట తానే అంటుకునే పదార్థంగా లెక్కగట్టి తీసేస్తారు.

మందులు

పారాసిటమాల్ మన దగ్గర ఎక్కువగా మూడు బలాల్లో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 100 మి.గ్రా. ఉండే డ్రాప్స్, అయిదు మిల్లీలీటర్లకు 120 మి.గ్రా. సిరప్, అయిదింటికి 250 మి.గ్రా. సిరప్. కిలోకు 15 మి.గ్రా. లెక్కన పది కిలోల బిడ్డకు ఒక మోతాదు 150 మి.గ్రా. డ్రాప్స్ అయితే ఒకటిన్నర మిల్లీలీటరు, మొదటి సిరప్ అయితే సుమారు ఆరు, రెండోదైతే మూడు. నిద్రమత్తులో సిరప్ కొలత ప్రకారం డ్రాప్స్ పోస్తే నాలుగింతలు లోపలికి వెళ్తుంది. కాబట్టి ఒకే బలం ఉన్న సీసా తీసుకెళ్ళండి, మీ డాక్టరు చెప్పిన మోతాదు దాని మీదే పెన్నుతో రాయండి. అమెరికాలో కొనేదాని బలం ఇంకోటి, అయిదు మిల్లీలీటర్లకు 160 మి.గ్రా.

ఓఆర్‌ఎస్ 200 మిల్లీలీటర్ల నీళ్ళకు సరిపోయే చిన్న ప్యాకెట్లు నాలుగు, ప్రిస్క్రిప్షన్ కాపీ, థర్మామీటరు చాలు. నిద్రపోతాడని అలర్జీ సిరప్ పోయమని ఎవరో ఒకరు చెబుతారు. కొందరు పిల్లల్లో అది తిరగబడి మరింత గెంతులేయిస్తుంది. అలాంటి మందుల్లో ఒకటైన ప్రొమెథజైన్ రెండేళ్ళ లోపు పిల్లల ఊపిరికే ప్రమాదం. పోయకండి. ముక్కు దిబ్బడ, చెవిపోటు ఉంటే ప్రయాణానికి ముందు డాక్టరుకు చూపించండి.

విమానాశ్రయంలో

గల్ఫ్ విమానాలు చాలావరకు శంషాబాద్ నుంచి తెల్లవారుజామునే బయల్దేరతాయి, అంటే అర్ధరాత్రికల్లా అక్కడ ఉండాలి. ఆ రోజు మధ్యాహ్నం పిల్లల్ని కాస్త ఎక్కువ నిద్రపోనివ్వండి, సాయంత్రమే స్నానం, నైట్‌డ్రెస్సు అయిపోవాలి. పడుకున్న బిడ్డను అలాగే కారెక్కించండి. వీడ్కోలుకు వచ్చిన బంధువులందరూ ఒక్కొక్కరే ఎత్తుకుని ముద్దుచేసి లేపేస్తే ఆ రాత్రి మళ్ళీ నిద్ర రాదు. ఈ మాట ఇంట్లోనే మర్యాదగా చెప్పేయండి.

తనిఖీలో 100 మిల్లీలీటర్ల నిబంధన బిడ్డ పాలకు, ఆహారానికి, మందులకు వర్తించదు. కానీ వాటిని ముందే బయటికి తీసి చూపించాలి. బిడ్డను ఒంటికి కట్టుకునే క్యారియర్ నుంచి దించమంటారు. అమెరికా విమానం గేటు దగ్గర మరోసారి వెతికి మంచినీళ్ళు పారబోయించవచ్చు.

స్ట్రోలర్‌ను గేటు దాకా తీసుకెళ్ళి అక్కడ ఇవ్వొచ్చు. మధ్య విమానాశ్రయంలో తిరిగి చేతికిస్తారా, నేరుగా ఆఖరి ఊరికే పంపేస్తారా అన్నది చెక్-ఇన్ కౌంటర్లోనే అడిగి ట్యాగు మీద చూసుకోండి. ఏదేమైనా ఆ క్యారియర్ ఒకటి ఉండాలి.

విమానంలో చెవులు

ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే చెవులు ఎక్కువ నొప్పెడతాయి. పెరుగుతున్న ఒత్తిడికి సమంగా గాలి మధ్యచెవిలోకి పోవాలి, పిల్లల్లో ఆ నాళం సన్నగా ఉండి త్వరగా తెరుచుకోదు. చీకితే, మింగితే తెరుచుకుంటుంది. విమానం దిగడం నేల తాకడానికి సుమారు అరగంట ముందే మొదలవుతుంది. కెప్టెన్ ప్రకటన వినగానే పాలసీసా అందుకోండి. చాలామంది అంతకు గంట ముందే కడుపునిండా తాగించేస్తారు, తీరా అవసరమైనప్పుడు బిడ్డ నోరు తెరవదు. ఆ చివరి పూట పాలు ఆపి ఉంచండి. నిద్రలో ఉంటే లేపి తాగించండి, నిద్రలో మింగడం తక్కువ. రెండేళ్ళు దాటినవాళ్ళకు స్ట్రా వేసి నీళ్ళివ్వండి.

విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి మామూలు కంటే తరచుగా పాలో, నీళ్ళో పట్టండి. ముక్కుకు సెలైన్ చుక్కలు పనికొస్తాయి. బొమ్మలు ఒకేసారి బయటపెట్టకుండా గంటకొకటి తీయండి. కార్టూన్లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పిల్లల తలకు సరిపోయే హెడ్‌ఫోన్లు ఇంటి నుంచే తెచ్చుకోండి.

దిగాక

అబుదాబి మీదుగా రాకపోతే, అమెరికాలో మొదట దిగిన ఊళ్ళోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్. అక్కణ్ణుంచి మరో విమానం ఉంటే పెట్టెలు తీసుకుని మళ్ళీ అప్పగించాలి. వెంట ఉన్న తిండి పదార్థాలన్నీ కస్టమ్స్ వాళ్ళకు చెప్పండి. బిడ్డకు కొద్దిరోజులకు సరిపడా పాలు ఆపరు. సగం తిన్న అరటిపండు, కోసిన ఆపిల్ ముక్కలు మాత్రం విమానం దిగకముందే పారేయండి.

మొదటి నాలుగైదు రాత్రులు పిల్లలు ఒంటిగంటకో రెండింటికో లేస్తారు. డల్లాస్‌లో వేసవి రాత్రి రెండున్నర అంటే ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంట, వాళ్ళకు నిజంగానే ఆకలేస్తుంది. పడుకునేముందే పెరుగన్నమో, ఉడికించిన బంగాళాదుంపో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. మసక వెలుతురులో తినిపించి, టీవీ పెట్టకుండా మళ్ళీ పడుకోబెట్టండి. ఉదయం ఏడింటికల్లా లేపేయండి, పగలు రెండు గంటలకు మించి నిద్రపోనివ్వకండి, సాయంత్రం ఎండలో ఆడించండి. పెద్దవాళ్ళిద్దరూ రాత్రులు వంతులేసుకోవాలి, ఇద్దరూ కలిసి మేల్కొంటే మూడో రోజుకు ఇద్దరూ పడిపోతారు.