యాభై దాటాక అదే క్వార్టర్ ఎందుకు పడటం లేదు: సమస్య, కారణం, పరిష్కారం

దసరా మరునాడు హనుమకొండలో మా మెడికల్ షాపు షట్టరు ఎత్తేసరికే మెట్ల మీద నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. అందరూ అడిగేది తలనొప్పి గోళీ, గ్యాస్ గోళీ, ఓఆర్ఎస్ ప్యాకెట్. వారిలో పాతికేళ్ల కుర్రవాళ్లు మధ్యాహ్నానికి తేరుకుంటారు, యాభై దాటినవారు మూడో రోజు కూడా మళ్లీ వస్తారు. "ఎన్కట హాఫ్ తాగినా తెల్లారి పొలం కాడికి పోయేటోణ్ణి, ఇప్పుడు క్వార్టర్‌కే లేస్తలేను తమ్మీ" అనే మాట ఈ కౌంటరు వెనుక నిలబడి నేను ఎన్నోసార్లు విన్నాను. చాలామంది నెపాన్ని సీసా మీద వేస్తారు గానీ, మారింది ఎక్కువగా వారి ఒళ్లే.

అయితే వయసు పైబడిన ప్రతి ఒక్కరికీ హ్యాంగోవర్, అంటే తాగిన మరునాటి బాధ, ముదురుతుందని చెప్పలేము. కొన్ని సర్వేలలో పెద్ద వయసువారే తమకు ఈ బాధ తక్కువని చెప్పారు. వారు తక్కువగా, నెమ్మదిగా తాగడం దానికి ఒక కారణం కావచ్చు. పాతికేళ్ల నాటి లెక్కనే యాభైలోనూ కొనసాగిస్తున్నవారి కోసం, వారి ఇంట్లోవారి కోసం ఇది రాస్తున్నాను.

సమస్య: తాగింది అంతే, తెల్లవారి తల పగిలిపోతోంది, నోరు పిడచకట్టుకుపోతోంది

కారణం: మద్యం నీటిలో కలుస్తుంది, కొవ్వులో దాదాపు కలవదు. వయసులో ఉన్న మగవారి బరువులో సుమారు 60 శాతం నీరే. కండ తగ్గి కొవ్వు పెరిగేకొద్దీ అది 50 శాతం దరిదాపులకు దిగుతుంది, స్త్రీలలో ఇంకా తక్కువగా ఉంటుంది. నిండు కుండ నీళ్లలో వేసే ఉప్పునే కాస్త వెలితిగా ఉన్న కుండలో వేస్తే ఎంత ఉప్పగా అవుతుందో, అదే క్వార్టర్ యాభై దాటిన రక్తంలో అంత చిక్కగా చేరుతుంది. దాన్ని విరిచే పని కాలేయానిది. అది మద్యాన్ని మొదట అసిటాల్డిహైడ్ అనే విష పదార్థంగా, తరువాత హాని లేని అసిటేట్‌గా మారుస్తుంది. వయసుతో కాలేయం పరిమాణమూ, దానికి అందే రక్తమూ తగ్గుతాయి కనుక ఆ పని నెమ్మదిస్తుంది.

లెక్క వేసి చూడండి. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీలలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో అది సుమారు 61 గ్రాములు. కాలేయం గంటకు దాదాపు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే విరవగలదు కనుక, మొత్తం దిగడానికి ఆరు నుంచి తొమ్మిది గంటలు పడుతుంది. రాత్రి పదింటికి మొదలుపెట్టి, తెల్లవారి ఐదింటికే బండి తీసి కాజీపేట స్టేషనుకు బయలుదేరే మనిషి రక్తంలో ఇంకా మద్యం ఉండే అవకాశం ఉంది. రక్తంలో మద్యం సున్నాకు చేరే సమయానికే హ్యాంగోవర్ బాధ తారస్థాయికి వస్తుంది. మూత్రాన్ని అదుపులో ఉంచే హార్మోనును మద్యం అణచివేయడంతో నీరు బయటికి పోతుంది. పైగా వయసుతో దాహం తెలియడం కూడా తగ్గుతుంది.

పరిష్కారం: మొదట కొలవండి. మా బావగారిని స్టీలు గ్లాసులో ఒక పెగ్గు అనుకుని నీళ్లు పోయమని అడిగి, దగ్గు మందు మూతతో కొలిచి చూశాను. 60 మిల్లీలీటర్లు ఉండవలసినది 95 ఉంది. అలా మూడు పోసుకున్న మనిషి క్వార్టర్ తాగాననుకుంటాడు గానీ, నిజానికి క్వార్టర్‌న్నర దాటిపోయి ఉంటాడు. బీరు తేలిక అనుకునేవారు కూడా గమనించాలి: 8 శాతం ఉండే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 41 గ్రాములు, అంటే రెండు పెద్ద పెగ్గులంత ఆల్కహాల్ ఉంటుంది. కడుపునిండా తిన్న తరువాతే గ్లాసు పట్టుకోవాలి, గ్లాసుకూ గ్లాసుకూ మధ్య ఒక గ్లాసు నీళ్లు తాగాలి. తెల్లవారి ఉప్పు వేసిన పలుచని సల్ల, జొన్న అంబలి, చారన్నం కడుపుకు హాయిగా ఉంటాయి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీటిలోనే కలపాలి; గ్లాసు నీటిలో కలిపి గటగటా తాగితే మేలుకు బదులు కీడే జరుగుతుంది. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగిన తరువాతే దాన్ని తాగాలి.

తెల్లవారి మళ్లీ ఒక పెగ్గు వేస్తే దిగిపోతుందనే నమ్మకం ప్రమాదకరం. అది బాధను వాయిదా వేసి, వ్యసనానికి దారి తీస్తుంది. హ్యాంగోవర్‌ను నివారించే, నయం చేసే మందుల గురించి జరిగిన ప్రయోగాలను 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పరిశీలించినప్పుడు, గట్టి ఆధారం ఉన్నది ఒక్కటీ కనిపించలేదు.

సమస్య: ఎనిమిది గంటలు పడుకున్నా ఒళ్లు బరువుగానే ఉంది

కారణం: మద్యం తొందరగా నిద్ర పట్టిస్తుంది గానీ రాత్రి రెండో సగంలో ఆ నిద్రను ముక్కలు చేస్తుంది. వయసుతో గాఢనిద్ర ఎలాగూ తగ్గి ఉంటుంది. పరిష్కారం: పడుకోవడానికి మూడు నాలుగు గంటల ముందే గ్లాసు పక్కన పెట్టడం. నిద్రమాత్ర జోలికి అసలే పోకూడదు; రెండూ కలిస్తే శ్వాస మందగించి ప్రాణం పోవచ్చు.

సమస్య: రోజూ వేసుకునే గోళీలతో మద్యం పడటం లేదు

యువకులకు లేనిదీ, పెద్దవారికి ఉన్నదీ ఈ గోళీల డబ్బానే. నేను ఎక్కువగా భయపడేది దీని గురించే.

గ్లిమిపిరైడ్ వంటి షుగర్ గోళీ గానీ ఇన్సులిన్ గానీ తీసుకునేవారు తాగి, అన్నం తినకుండా పడుకుంటే, మద్యం కాలేయాన్ని కొత్త గ్లూకోజు తయారు చేయనివ్వదు కనుక తెల్లవారుజామున షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు చూసి ఇంట్లోవారు "ఇంకా దిగలేదు, పండనియ్" అనుకుంటారు. అలా అనుకోకుండా గ్లూకోమీటరుతో వెంటనే చూడాలి. 70 కంటే తక్కువ ఉండి, మనిషి స్పృహలో ఉంటే చక్కెర నీళ్లు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

బీపీ గోళీలతో, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయేలా చేసేవాటితో, మంచం మీది నుంచి లేవగానే కళ్లు తిరిగి పడిపోయే అవకాశం ఉంది. ముందు కూర్చుని, కాసేపటికి లేవాలి. విరేచనాల వంటివాటికి ఇచ్చే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడేటప్పుడూ, కోర్సు ముగిసిన తరువాత మూడు రోజుల దాకా మద్యం ముట్టకూడదు.

తలనొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి గోళీలు మంట మీదున్న కడుపులో రక్తస్రావం కలిగించగలవు. ఒళ్లునొప్పుల గోళీలోనూ జలుబు గోళీలోనూ తరచుగా పారాసిటమాల్ కలిసి ఉంటుంది; విషయం తెలియక రెండూ వేసుకుంటే కాలేయం మీద రెట్టింపు భారం పడుతుంది. ఎప్పుడో ఒకసారి తాగే ఆరోగ్యవంతులు ఏదైనా తిన్న తరువాత 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒకటి వేసుకోవచ్చు. రోజూ తాగేవారికి డాక్టరు చెప్పకుండా నేను దాన్ని కూడా ఇవ్వను.

సమస్య: చేతులు వణుకుతున్నాయి, గుండె దడదడలాడుతోంది

దడ తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, రక్తం వాంతి అయినా, మాట తడబడినా దాన్ని హ్యాంగోవర్ అని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అతిగా తాగిన మరునాడు గుండె లయ తప్పడం వైద్యులకు తెలిసిన సంగతే.

రోజూ తాగే మనిషి ఒక్కరోజు మానగానే వణుకు మొదలైతే అది హ్యాంగోవర్ కాదు, మద్యం అందక ఒళ్లు తిరగబడటం. ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల వణుకు, రెండు రోజుల లోపల ఫిట్స్, ఆ తరువాత ఒకటి రెండు రోజుల్లో మతిభ్రమ రావచ్చు. కల్లు తాగేవారికి మరో ప్రమాదం ఉంది. చెట్టు నుంచి దించిన స్వచ్ఛమైన ఈత కల్లు, తాటి కల్లు వేరు; అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలిపిన కల్లు వేరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల కల్లు దొరకనప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యాలయానికి రోగులు బారులు తీరింది చాలావరకు ఈ కల్తీకి అలవాటుపడిన శరీరాల వల్లే.

పరిష్కారం: ఇలాంటివారిని ఇంట్లో కట్టడి చేసి ఒక్కసారిగా మాన్పించకూడదు, వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి. వరంగల్ చుట్టుపక్కల వారికి ఎంజీఎం ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ అయిన టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆఖరిసారి ఎప్పుడు, ఏది, ఎంత తాగారో, రోజూ వేసుకునే గోళీలు ఏవో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లాలి. వణికే మనిషి ఆ వివరాలు సరిగ్గా చెప్పలేడు కనుక, భార్య గానీ కొడుకు గానీ రాసి పెట్టుకోవడం మంచిది.